పూర్ణకు దొరికిన బడి ప్రతి బిడ్డకూ కావాలె

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. అంతకు ఎనిమిది రోజుల ముందే, మే 25న, మన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికామె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరమెక్కిన ఆడపిల్ల ప్రపంచంలోనే లేదు.

ఊరు నిజామాబాద్ జిల్లా పాకాల. అమ్మానాన్నలది కూలి బతుకు. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. తాడ్వాయి మన జహీరాబాద్ పార్లమెంటు నియోజకవర్గంలోదే. గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పూనుకున్నారు. శేఖర్‌బాబు శిక్షణ ఇచ్చారు. భువనగిరి గుట్ట మీద మొదటి పాఠాలు, ఆపైన డార్జిలింగ్, లడఖ్. నేపాల్ వైపు పదహారేళ్లు నిండనివారికి అనుమతి లేదు. అందుకే టిబెట్ వైపు నుంచి, ఖమ్మం జిల్లా బిడ్డ ఆనంద్‌కుమార్ తోడుగా ఎక్కింది. అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో అమెరికాలోని డెనాలితో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది.

తండాల్లో సత్తువకు ఏనాడూ కరువు లేదు. కరువైంది అవకాశమే. సర్కారు సొమ్ముతో బడి, బువ్వ, శిక్షణ దొరికితే కూలోళ్ల బిడ్డ ఎంత ఎత్తుకు పోతదో పూర్ణ చూపింది. మనం కొట్లాడింది ఆ అవకాశం కోసమే కదా? మరి 2024లో గురుకులాల్లో అన్నం తిన్న పిల్లలు దవాఖానల పాలైన వార్తలెందుకు చదవాల్సి వచ్చింది? అద్దె భవనాల్లో ఇరుకు చదువులెందుకు?

పూర్ణకు శాలువా కప్పే నాయకులు ముందు గురుకులం వంటగదిలోకి తొంగిచూడాలి. స్వరాష్ట్రానికి అసలు పరీక్ష అక్కడే.