దిగులుకు ఒక వేళ

రాత్రి తొమ్మిది దాటేసరికి మన ఇళ్ళలో ఒక తంతు జరుగుతూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ సిటీలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో ఉద్యోగం చేసే అబ్బాయి ఇంకా ఇల్లు చేరలేదు. తల్లి వీధి గుమ్మం దాకా వెళ్ళి వస్తుంది. తండ్రి చదివిన వార్తనే మళ్ళీ చదువుతారు. ఫోను చేస్తే పలకడు. స్కూటరు నడుపుతూ ఎట్లా పలుకుతాడని ఇద్దరికీ తెలుసు. అయినా మరి రెండుసార్లు మ్రోగిస్తారు. తీరా వాడు వచ్చి, సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోయానని చెప్పి చెప్పులు విడిచేసరికి అన్నం చల్లారిపోయి ఉంటుంది.

భయం వేరు, దిగులు వేరు. ఎదుట పాము కనబడితే కలిగేది భయం. పాము వస్తుందేమోనని కాళ్ళు ముడుచుకొని కూర్చోవడం దిగులు. పాము పోతే భయం పోతుంది. రాని పాము ఎట్లా పోతుంది?

చితకూ చింతకూ ఒక్క సున్నయే తేడా అని పెద్దలు చెప్పే మాట మన పాఠకులు ఎరిగినదే. మాట చక్కనిదే గాని, దిగులుపడేవారికి చెప్పి చూడండి. ఆరోగ్యం పాడు చేసుకొంటున్నానే అని వారికి మరొక దిగులు చేరుతుంది. "ఊరికే ఆలోచించకు" అనడమూ అంతే. కోతిని తలచుకోకుండా మందు పుచ్చుకోమన్న వైద్యుని కథ మన పిల్లలకు కూడా తెలుసు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కోతికి బదులు తెల్ల ఎలుగుబంటితో ఈ పరీక్షే పెట్టాడు. ఐదు నిమిషాలు దానిని తలచుకోవద్దు, తలపుకు వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మ్రోగుతూనే ఉన్నాయి! ఆ తరువాత తలచుకోవచ్చునని చెప్తే, మొదటినుంచీ అనుమతి ఉన్నవారికంటే వీరికే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది.

తరిమితే పోదన్నమాట. 1983లో థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు వేరొక ఉపాయం ప్రకటించారు. దిగులును వెళ్ళగొట్టకుండా దానికొక వేళ ఇవ్వడం. రోజూ ఒకే చోట, ఒకే సమయాన, అరగంట. మిగతా వేళల్లో అది తలుపు తడితే, వచ్చిందని గుర్తించి, సాయంత్రం రమ్మని చెప్పి, చేతిలో పనిమీదికి మనసు మళ్ళించాలి. అప్పులవాడి సంగతి మనకు తెలియనిదా? గుమ్మంలోంచి గెంటితే పదిసార్లు వస్తాడు. ఫలానా రోజు రమ్మంటే ఆ రోజుకే వస్తాడు. మొదటి నాలుగు రోజులూ కుదరదు. కొన్ని వారాలు పట్టుదలగా చేయాలి.

ఆ అరగంట పడకవేళ కాకూడదు, పడకమీద అసలే కాకూడదు. కాగితం, కలం దగ్గర పెట్టుకొంటే మంచిది. వ్రాసి చూస్తే చేయగలిగిన పని ఏదో, మన చేతిలో లేనిది ఏదో విడిపోతుంది. 2024 వేసవిలో ఈ ఊళ్ళో బోర్లు ఎండి ట్యాంకర్లకోసం అల్లాడినప్పుడు, ఆకాశం చూస్తూ కూర్చున్నవారూ ఉన్నారు, కారే కుళాయి బాగుచేయించి ఏరేటరు బిగించుకొన్నవారూ ఉన్నారు. వాన ఇద్దరికీ ఒకటే. నిద్ర మాత్రం ఒకటి కాదు. మరునాడు చేయవలసిన పనులను పడుకొనే ముందు ఐదు నిమిషాలు వ్రాసిపెట్టుకొన్నవారు, అయిపోయిన పనులను వ్రాసుకొన్నవారికంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారని 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు తేల్చారు. పరీక్షలో పాల్గొన్నది 57 మందే, వారూ పడుచువారే. అయినా ఖర్చులేని మందు గదా.

ఇక ఫోనులో పిల్లలు ఎక్కడున్నదీ చూపే చుక్క సంగతి. మేము దీనికి అంతగా అనుకూలులము కాము. చూసినప్పుడు ఒక్క నిమిషం ఊరట. ఊరట చూడడంవల్లనే వచ్చిందని మనసు నేర్చుకొంటుంది. కనుక మళ్ళీ చూడమంటుంది. చుక్క కదలకపోతే ఇక చెప్పనక్కరలేదు. బయలుదేరేటప్పుడు ఒక్క మాట పంపమని అబ్బాయితో ఒప్పందం చేసుకొని, తరువాత చూడకుండా ఉండడం మేలు. మరొకటి కూడా ఉంది. అమ్మ దిగులుపడుతుందని పిల్లలు జ్వరం దాస్తారు, పై అధికారితో తగవు దాస్తారు, చివరకు ఉద్యోగం పోయిన సంగతి కూడా దాస్తారు. చుక్క ఎక్కడున్నదీ తెలుస్తుంది, బిడ్డ ఎట్లా ఉన్నదీ తెలియదు.

గుండె దడకు మన ఫిల్టరు కాఫీ కూడా కొంత కారణం కావచ్చు; నాలుగో లోటా మానిచూడండి. థైరాయిడ్ దోషంవల్లనూ దడ వస్తుంది. కాని దిగులు ఆరు నెలలుగా దాదాపు ప్రతిరోజూ ఉండి, నిద్ర చెడి, ఒళ్ళు బిగుసుకొని, అయినదానికీ కానిదానికీ చిరాకు వస్తూ ఉంటే, అది స్వభావమని సరిపెట్టుకోరాదు. వైద్యం ఉన్న జబ్బు కావచ్చు. ఇక్కడనే మన పెద్దలు కొందరు వెనుకాడుతారు. నిమ్హాన్స్ పేరెత్తితే "అక్కడికా?" అంటారు. ఆ సంస్థకు మెంటల్ హాస్పిటల్ అని పేరు మారింది 1925లో. 1954లో అక్కడ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. రెండూ కలిసి 1974లో నిమ్హాన్స్ అయినవి. పక్షవాతానికీ మూర్ఛకూ కూడా జనం అక్కడికే వెళ్తున్నారు. ఎవరు దేనికి వచ్చారో గేటు దగ్గర ఎవరికీ తెలియదు.

అంత దూరం వెళ్ళలేనివారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ఉంది. సంఖ్య 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, రుసుము లేదు, తెలుగు కోరుకొంటే తెలుగులోనే మాట్లాడవచ్చు.