అంకెయు, యోగ్యతయు

సింగరేణి సంస్థకు చెందిన గోదావరిఖని గనులలో పూర్వము కోల్ ఫిల్లర్లు బొగ్గును తట్టలతో మోసి టబ్బులు నింపెడివారు. నిండిన టబ్బుల లెక్కనుబట్టి వారికి కూలి ముట్టెడిది. ఆ గనులలోనే మైనింగ్ సర్దారు ఉండును. పని మొదలగుటకు ముందు పైకప్పును తట్టి చూచుట, ప్రమాదకరమైన వాయువు గలదేమో పరీక్షించుట అతని విధి. అతడు నింపిన టబ్బు ఒక్కటియు లేదు. అంతమాత్రమున అతని పని తక్కువదా? అతడు ఏమరినచో ఎందరి ప్రాణములకో ముప్పు వాటిల్లును. టబ్బుల లెక్క అబద్ధము కాదు. కాని అది టబ్బులను మాత్రమే లెక్కించును.

ఈ మాట నేటి మరియొక లెక్కకును వర్తించును. అంతర్జాలమున ప్రశ్నోత్తర వేదికలు పెక్కు గలవు. 2008లో ఆరంభమైన స్టాక్ ఓవర్‌ఫ్లో వానిలో ప్రసిద్ధమైనది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు అచట సందేహము లడుగుదురు, తెలిసినవారు తీర్చుదురు. క్రొత్తగా చేరినవానికి 1 పాయింటు ఉండును. జవాబు ఉపయోగపడినదని ఒకరు ఓటు వేసినచో 10, అడిగినవాడు దానిని అంగీకరించినచో 15 చేరును. ఈ మొత్తమే అచటి 'ప్రతిష్ఠ'.

ఈ ప్రతిష్ఠ అందరికిని సమానముగా లేదు. అత్యధికులకు ఉన్నది స్వల్పము. ఇంగ్లండు దేశీయుడైన జాన్ స్కీట్ మాత్రము 2018లో పది లక్షల పాయింట్లు పొందిన మొదటివాడయ్యెను. ఇట్టిచోట సగటు మనలను భ్రమింపజేయును. పదిమందిలో తొమ్మిదిమందికి 1 చొప్పునను, ఒక్కనికి 991యు ఉన్నవనుకొనుడు. సగటు 100 వచ్చును. కాని నూరు గలవాడు ఆ పదిమందిలో ఒక్కడును లేడు! అందరిని వరుసగా నిలిపి నడుమ నున్నవాని అంకెను చూచినచో అది 1 మాత్రమే.

ఇంతటి వ్యత్యాసమునకు ప్రతిభ యొక్కటే కారణమా? కాదు. స్కీట్ వేలకొలది జవాబులు వ్రాసిన శ్రమజీవి, సందేహము లేదు. అయినను ముందుగా చేరినవారికి అందరును అడుగు ప్రశ్నలు ముందే దొరకినవి. ఆ జవాబులకు ఏండ్ల తరబడి ఓట్లు పడుచునే యుండును. పైన నున్న జవాబు పదిమంది కంట బడును. కంట బడినదానికే మరల ఓటు వచ్చును. అరుదైన చిక్కును రాత్రియెల్ల శ్రమించి విప్పినవానికి చదువరులు నలుగురే.

అంకె నిరుపయోగమని నేననను. ఎవరి మాట కొంత నమ్మదగినదో అది తెలుపును. కాని రామగుండములో ఒక బాలిక, తన మొదటి ప్రశ్నకు ఒక్క ఓటును రాకపోగా, 'ఈ విద్య నాకు రాదు' అని విరమించుకొన్నచో, ఆ నష్టము ఏ లెక్కలోను చేరదు.

కావున విద్యార్థులారా! అంకెను చూచినపుడు అది దేనిని లెక్కించినదో, దేనిని విడిచినదో విచారింపుడు. తెలియనిది అడుగుటకు సిగ్గుపడకుడు. తెలిసినది చెప్పుటకు ఓట్లకై వేచియుండకుడు.