పాస్టరుగారి బ్లాక్ బడ్జెట్

దేశం మొత్తానికి ఉచిత వైద్యం అందించడానికి పాటుపడిన నాయకుడిని జనం దేనికి గుర్తుపెట్టుకోవాలి? ఆస్పత్రికేగా! కానీ న్యూజిలాండ్‌లో ఆర్నాల్డ్ నార్డ్‌మేయర్ పేరు చెబితే ఒక తరానికి మొదట గుర్తొచ్చింది బీరు ధర. చర్చిలో ప్రసంగాలు చేసుకునే ఓ పాస్టరు ఆర్థికమంత్రి దాకా ఎదిగిన కథ అది. ఒక్క బడ్జెట్ ఆయన్ని ఎంతగా వెంటాడిందో చెప్పే కథ కూడా.

నార్డ్‌మేయర్ 1901లో డునెడిన్‌లో పుట్టారు. ఓటాగో విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లోనే మంచి వక్తగా పేరు. ఆ తర్వాత దైవశాస్త్రం చదివి, 1925లో ప్రెస్బిటేరియన్ పాస్టరు అయ్యారు. చర్చి ఆయన్ని పంపిన ఊరు కురో. వైటాకీ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరది. పెళ్లిళ్లూ జ్ఞానస్నానాలూ ఆదివారం ఆరాధనలతో ప్రశాంతంగా బతుకు గడిచిపోవాల్సిందే. కానీ 1928లో ఊరికి దగ్గర్లో జలవిద్యుత్ ఆనకట్ట పని మొదలైంది.

ముగ్గురు మిత్రులు
సరిగ్గా అప్పుడే ప్రపంచాన్ని ఆర్థికమాంద్యం కమ్మేసింది. పనుల్లేక అల్లాడుతున్న జనం ఆనకట్ట దగ్గరైనా కూలి దొరుకుతుందని పిల్లాపాపలతో కురో దారిపట్టారు. పని దొరికినవారి చేతికి పలుగూ పారా వచ్చాయి. దొరకనివారు నది ఒడ్డునే గుడారాలు వేసుకుని రేపటి కోసం ఎదురుచూశారు. ఎముకలు కొరికే చలి, అరకొర తిండి, రోగాలు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే జేబులో డబ్బుల్లేవు. ఆదివారంనాడు పొరుగువాణ్ని ప్రేమించమని చెప్పే పాస్టరుకు సోమవారం కళ్లెదుట కనిపించిన దృశ్యం ఇదీ!

ఊళ్లో ఆయనకు ఇద్దరు మిత్రులున్నారు. ఒకరు డాక్టర్ జెర్వన్ మెక్‌మిలన్, మరొకరు బడి హెడ్మాస్టరు ఆండ్రూ డేవిడ్‌సన్. ముగ్గురూ కలిస్తే మాటలన్నీ ఆ గుడారాల చుట్టూనే తిరిగేవి. అలా మాట్లాడుకుంటూనే ఒక దారి కనిపెట్టారు. ఆనకట్ట పనివారంతా జీతంలోంచి కొద్దికొద్దిగా చందా వేసుకుంటారు. ఎవరికి జబ్బు చేసినా వైద్యం ఆ నిధిలోంచే. రోగం వచ్చిన రోజున చేయి చాచాల్సిన అవసరం ఉండదు. ఆ పథకం చక్కగా నడిచింది. మరి ఒక ఆనకట్ట దగ్గర నడిచింది దేశమంతటా ఎందుకు నడవదు?

ఆ ప్రశ్నే వారిని రాజకీయాల్లోకి లాక్కెళ్లింది. 1935 ఎన్నికల్లో లేబర్ పార్టీ తొలిసారి అధికారంలోకి వచ్చింది. ముగ్గురు మిత్రుల్లో ఇద్దరు, డాక్టరూ పాస్టరూ, పార్లమెంటులో అడుగుపెట్టారు. మూడేళ్ల తర్వాత 1938లో సామాజిక భద్రతా చట్టం వచ్చింది. వృద్ధులకూ వితంతువులకూ నిరుద్యోగులకూ భృతి, అందరికీ వైద్యం దాని ఉద్దేశం. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలవడానికి ఇది పదేళ్లు ముందు! ఆచరణలో పెట్టిన క్రైస్తవమే ఈ చట్టమన్నారు ప్రధాని మైకేల్ సావేజ్. బిల్లు బాగోగులు పరిశీలించిన పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడు నార్డ్‌మేయరే.

చట్టం చేసినంత తేలిక కాదు అమలు. ప్రభుత్వం కింద పనిచేయబోమని డాక్టర్ల సంఘం మొరాయించింది. 1941లో ఆరోగ్యమంత్రి అయిన నార్డ్‌మేయర్ నెత్తిన ఆ తలనొప్పి పడింది. తలకింతని ఏటా చెల్లిస్తామంటే చాలామంది డాక్టర్లు ముందుకు రాలేదు. చివరికి మధ్యేమార్గంగా, రోగిని చూసిన ప్రతిసారీ ఏడున్నర షిల్లింగులు ప్రభుత్వం ఇచ్చేలా రాజీ కుదిరింది. ఆపైన రోగి దగ్గర కొంత తీసుకునే వెసులుబాటు డాక్టరుకు మిగిలింది. కురోలో కలగన్నంత నిండుగా కాకపోయినా, వైద్యం సామాన్యుడి గడపదాకా వచ్చింది.

ఒక్క బడ్జెట్‌తో...
1957 చివర్లో లేబర్ పార్టీ మళ్లీ గెలిచింది. బలం 41, ప్రతిపక్షానికి 39. అంటే బొటాబొటీ! నార్డ్‌మేయర్‌కు ఆర్థికశాఖ దక్కింది. తీరా కుర్చీలో కూర్చున్నాక చూస్తే ఖజానా గుండె జారిపోయేలా ఉంది. దేశం బతికేదే వెన్న, ఉన్ని, మాంసం ఎగుమతుల మీద. వాటి ధరలు పడిపోయాయి. దిగుమతులు మాత్రం తగ్గలేదు. విదేశీ మారకద్రవ్యం కరిగిపోతోంది. దాంతో 1958 జూన్ 26న పెట్టిన బడ్జెట్‌లో బీరు, సిగరెట్లు, కార్లు, పెట్రోలు మీద పన్నులు బాగా పెంచేశారు.

లెక్కల ప్రకారం అది అవసరమే కావచ్చు. కానీ పొద్దంతా ఒళ్లు వంచి పనిచేసి, సాయంత్రం ఓ గ్లాసు బీరుతో సేదతీరే కార్మికుడికి మారకద్రవ్యం సంగతి ఎలా తెలుస్తుంది? పైగా ఆ కార్మికుడే లేబర్ పార్టీకి పట్టుగొమ్మ. 'మా చిన్నపాటి సరదా మీదే దెబ్బకొట్టారే' అన్న అక్కసు అతనిది. దానికితోడు మంత్రిగారు ఒకప్పటి పాస్టరు. ఇంకేం! పన్ను కాస్తా జనం కళ్లకు నీతిబోధలా కనిపించింది. 'బ్లాక్ బడ్జెట్' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ ప్రభుత్వం చేసిన మంచి పనులూ ఉన్నాయి. పిల్లలకిచ్చే కుటుంబ భృతిని ముందుగానే ఒక్కమొత్తంగా తీసుకుని ఇల్లు సమకూర్చుకునే వీలు కల్పించింది. ప్రభుత్వోద్యోగాల్లో మహిళలకు సమాన వేతనమంటూ 1960లో చట్టం చేసింది. అవేవీ ఓట్లు తెచ్చిపెట్టలేదు. ఆ ఏడాది నవంబరులో లేబర్ 34 స్థానాలకు పడిపోయింది. 1963లో నార్డ్‌మేయర్ పార్టీ నాయకుడయ్యారు కానీ బ్లాక్ బడ్జెట్ నీడ ఆయన్ని వదల్లేదు. ఆ ఏడాది ఎన్నికల్లోనూ ఓటమే. 1965లో యువనేత నార్మన్ కిర్క్ ఆయన స్థానంలోకి వచ్చారు. 1969లో నార్డ్‌మేయర్ పార్లమెంటు నుంచి తప్పుకున్నారు.

దేశ అత్యున్నత పురస్కారంగా 1987లో నెలకొల్పిన 'ఆర్డర్ ఆఫ్ న్యూజిలాండ్' తొలి గ్రహీతల్లో నార్డ్‌మేయర్ ఒకరు. 1989లో కన్నుమూశారు. పెరిగిన బీరు ధర ప్రతి సాయంత్రం గ్లాసు పట్టుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది. కట్టక్కర్లేని ఆస్పత్రి బిల్లు ఎవరికి గుర్తుంటుంది? అది అసలు చేతికే రాదుగా!