అరలు చెప్పే పాఠం



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను ఆలోచనలో పడవేసింది. ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి ఇట్లా రాసింది: "మా నాన్న పాత పశువుల కొట్టాన్ని బాగుచేసి పనిశాల పెట్టుకున్నాడు. మోటార్లు, పనిముట్లు, మేకుల డబ్బాలు అన్నీ నేలమీదే ఉన్నాయి. అమ్మ కాళ్ళకు రోజూ ఏదో ఒకటి తగులుతూ ఉంటుంది. కొందామంటే ఇనుప బీరువాలు చాలా ఖరీదు. బరువు సామాను పెట్టుకోవటానికి చవకగా, గట్టిగా అరలు ఎట్లా చేసుకోవాలి?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు, నేను చేసిన ఒక తెలివితక్కువ పని మీకు చెప్పాలి. ముప్ఫయి ఏళ్ళపాటు బళ్ళో తులాదండాన్ని గురించీ, గరిమనాభిని గురించీ పాఠాలు చెప్పినవాణ్ణి. అయినా నా ఇంట్లో నేను పెట్టుకున్న అర నాకే పాఠం చెప్పింది.

మా పెరట్లో ఒక పెద్ద పెంకుల కొట్టం ఉన్నది. ఉద్యోగం నుంచి విరమించాక అందులో పనిశాల పెట్టుకున్నాను. రెండు ఇటుక దిమ్మలు కట్టి, వాటిమీద ఐదడుగుల మామిడి పలక ఒకటి వేసి, సామానంతా దానిమీదికి ఎక్కించాను. ఏడాది తిరిగేసరికి పలక విల్లులాగా వంగింది. నాకు కోపం వచ్చింది. దాన్ని తీసిపారేసి, దాని స్థానంలో అంగుళం మందం గల కడప బండ వేశాను. మీలో చాలామంది ఇళ్ళలో వంటింటి అరలకు ఆ నల్లరాయే ఉంటుంది. చవక, చెదపురుగు పట్టదు, తడికి చెడదు. నేను సామాను ఎక్కించినా ఆ బండ వెంట్రుకవాసి అయినా వంగలేదు. "అదీ గట్టితనమంటే!" అనుకుని, మరో పాత మోటారు కూడా తెచ్చి సరిగ్గా మధ్యను పెట్టాను.

ఎనిమిది రోజులు గడిచాయి. ఆదివారంనాడు మా మనవడు ఆ అర పక్కనే పీట వేసుకు కూర్చుని, బొంగరానికి రంగు వేసుకొంటున్నాడు. వాళ్ళ మామ్మ మజ్జిగ తాగటానికి రమ్మని కేకేసింది. వాడు లేచి వసారా దాకా వెళ్ళాడో లేదో, కొట్టంలో ఫెళ్ళుమని చప్పుడయింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే బండ నడిమికి రెండయింది. మోటారు పీటమీద పడి ఉన్నది. పీట రెండు చెక్కలయింది. నాకు నోట మాట రాలేదు.

మా ఇంటావిడ పీట ముక్కలు ఏరుతూ, "పలక వంగినన్నాళ్ళూ దాన్ని చూసి సణిగారు. వంగనిదాన్ని చూసి ఒక్కనాడైనా అనుమానపడలేదేం?" అన్నది.

ఆవిడ అన్నమాట నిజమే. ఎందుకు నిజమో మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక సుద్దముక్కా, ఒక పచ్చి వేపపుల్లా తీసుకోండి. సుద్దముక్కను రెండు చివర్లా పట్టుకుని మెల్లిగా వంచండి. అది వంగదు, టప్పున విరుగుతుంది. వేపపుల్లను వంచండి. అది బాగా వంగుతుంది. లోపలివైపు బెరడు ముడతలు పడుతుంది, బయటివైపు నారలు సాగుతాయి. బరువు మోసే ప్రతి పలకలోనూ జరిగేది ఇదే. పైభాగం నలుగుతుంది, క్రిందిభాగం లాగబడుతుంది. కొయ్యలో నారలున్నాయి గనక అది లాగుడును తట్టుకొంటుంది. రాయి నలుగుడును ఎంతైనా ఓర్చుకొంటుంది గాని, లాగుడుకు ఓర్చుకోలేదు. అడుగున ఎక్కడో ఒక సన్నని నెర్రె ఉంటే చాలు, అక్కడి నుంచి చీలిపోతుంది. మా బండ విరిగినచోట చూస్తే అటువంటి పాత నెర్రె కనిపించింది.

మన పూర్వపు శిల్పులకు ఈ సంగతి తెలుసు. లేపాక్షి గుడి మండపంలో స్తంభాలు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. పైన ఉన్నవి రాతి దూలాలు గనక, వాటి క్రింద ఎక్కువ ఎడం వదలలేదు. ఇప్పటి కాంక్రీటు దూలాలలో క్రిందివైపున ఇనుప చువ్వలు పెట్టటం కూడా ఇందుకే. లాగుడు భారం ఇనుము మోస్తుంది, నలుగుడు భారం కాంక్రీటు మోస్తుంది.

అంటే, కొయ్య వంగటం దాని తప్పు కాదు. "నామీద బరువు ఎక్కువయింది" అని అది చెప్పే మాట. రాయి ఆ మాట చెప్పదు. నేను చెప్పేదాన్ని మందలించి, చెప్పనిదాన్ని నమ్మాను.

ఇక రెండో పరీక్ష. ప్లాస్టిక్ అడుగుబద్దను రెండు పుస్తకాల మీద ఆనించండి. పుస్తకాల మధ్య పది అంగుళాల ఎడం ఉంచి, బద్ద నడుమ కొన్ని నాణేలు పెట్టండి. ఎంత వంగిందో చూడండి. ఇప్పుడు పుస్తకాలను ఐదంగుళాల ఎడానికి జరిపి, అవే నాణేలు పెట్టండి. ఎడం సగమయింది గనక వంపు కూడా సగమవుతుందని మీరనుకుంటారు. కాని అది ఎనిమిదో వంతుకు తగ్గుతుంది! ఎడం రెట్టింపయితే వంపు రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది రెట్లు పెరుగుతుందన్నమాట.

అదే బద్దను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, పడిపోకుండా చివర్లు పట్టుకుని, మధ్యను వేలితో నొక్కండి. వంపు కంటికే కనపడదు. బద్ద అదే, ప్లాస్టిక్ అదే. నిలువులో ఉన్న మందమే బలం. మందం రెట్టింపయితే బిగువు ఎనిమిది రెట్లవుతుంది.

ఈ రెండు సంగతులూ తెలిస్తే డబ్బు ఎంత ఆదా అవుతుందో చూడండి. అడుగు వెడల్పు, ముప్పాతిక అంగుళం మందం గల పలక ఒకటి ఉన్నదనుకోండి. అదే మందం గల రెండంగుళాల బద్దను నిలువుగా నిలబెడితే, ఆ పలక మొత్తానికి ఉన్న బిగువు కంటె దానికే కాస్త ఎక్కువ ఉంటుంది. అందులో ఉన్న కొయ్య మాత్రం పలకలో ఆరోవంతే! కనక దళసరి పలక కొననక్కరలేదు. మామూలు పలక ముందు అంచు క్రింద ఒక బద్ద, వెనక అంచు క్రింద ఒక బద్ద నిలువుగా బిగిస్తే చాలు.

"మధ్యలో ఇంకొక ఆధారం పెడితే సరిపోదా?" అని మీరు అడుగుతారు. పెట్టవచ్చు. కాని దాన్ని గురించి ఒక కథ ఉన్నది. ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో, ఇల్లు కదలకూడదని శిక్ష పడిన రోజులలో ఒక గొప్ప గ్రంథం పూర్తిచేశాడు. అది 1638లో అచ్చయింది. అందులో ఆయన ఒక పాలరాతి స్తంభం సంగతి చెప్పాడు. స్తంభాన్ని రెండు దుంగలమీద పడుకోబెట్టి ఉంచారు. నడుమ విరుగుతుందేమోనని ఒకడు మధ్యన మూడో దుంగ దూర్చాడు. అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలలకు స్తంభం సరిగ్గా ఆ మూడో దుంగ మీదనే విరిగింది! చివర ఉన్న దుంగ ఒకటి పుచ్చి క్రుంగిపోయింది. మధ్య దుంగ గట్టిగా నిలబడింది. దానితో స్తంభంలో సగభాగం గాలిలో వేలాడి విరిగింది. కనక ఆధారాలన్నీ ఒకే మట్టాన ఉండాలి, ఒకేరకంగా గట్టివై ఉండాలి. రసమట్టం పెట్టి చూడకుండా మూడో కాలు వెయ్యకండి.

ఇప్పుడు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారికి పనికివచ్చే విషయాలు చెపుతాను. ఇవి పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

కాళ్ళకు చిల్లుల ఇనుప యాంగిలు మంచిది. దీన్ని డిమెట్రియస్ కొమీనో అనే ఆయన కనిపెట్టాడు. ఆయన 1902లో ఆస్ట్రేలియాలో పుట్టి, లండనులో అచ్చాఫీసు నడిపాడు. అచ్చాఫీసులో అవసరం మారినప్పుడల్లా అరలను విరగగొట్టి మళ్ళీ కట్టవలసి వచ్చేది. విసుగెత్తి ఆయన, పొడుగునా చిల్లులున్న ఇనుప కమ్ములను నట్లూ బోల్టులతో కావలసినట్లు బిగించుకునే ఉపాయం ఆలోచించాడు. 1947లో అది డెక్సియన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు మన ఊళ్ళలో ఇనుప సామాను కొట్లన్నిటా చిల్లుల యాంగిళ్ళు దొరుకుతాయి. మూసేసిన దుకాణాల పాత యాంగిళ్ళు తూకానికి కొంటే ఇంకా చవక. తుప్పు గీకి రంగు వేస్తే కొత్తవాటిలాగే పనిచేస్తాయి. వంకర పోయినవి మాత్రం తీసుకోవద్దు.

పలకలకు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు తలుపు చెక్కలు ఎంతో మేలు. అవి దొరక్కపోతే ముప్పాతిక అంగుళం ప్లయివుడ్ వెయ్యండి. రంపపు పొట్టు అదిమి చేసిన అట్ట చెక్క చవకగానే వస్తుంది గాని, బరువుకు త్వరగా వంగుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. మోటార్లున్న చోట అది పనికిరాదు.

ఆధారాల మధ్య ఎడం మూడడుగులు దాటనీయకండి. మరీ బరువైన సామాను ఉంటే రెండడుగులే. పలకను మేకులకు వేలాడదీయకండి. పలక క్రింద అడ్డబద్ద ఉండాలి, ఆ బద్ద కాలిమీద ఆనాలి. బరువును మోసేది కాలు. మేకు చెయ్యవలసింది బద్దను కదలకుండా పట్టటమే.

నాలుగు మూలలా ఒక్కొక్క బోల్టు బిగించినంత మాత్రాన స్టాండు నిలవదు. నాలుగు అట్టముక్కలను గుండుసూదులతో చతురస్రంగా గుచ్చి, పక్కకు నెట్టండి. అది వాలిపోతుంది. మూడింటితో త్రిభుజం చేసి నెట్టండి. అది కదలదు. అందుకని స్టాండు వెనక ఒక మూల నుంచి ఎదటి మూలకు ఏటవాలుగా ఒక కమ్మి బిగించండి. చతురస్రం రెండు త్రిభుజాలవుతుంది.

బరువు తూచి తెలుసుకోండి, కంటితో అంచనా వెయ్యకండి. లీటరు నీళ్ళు ఒక కిలో తూగితే, లీటరు పరిమాణం గల ఇనుము దాదాపు 7.8 కిలోలు తూగుతుంది. చిన్న డబ్బాయేకదా అని మేకులు నింపితే మోసం వస్తుంది. ఒక అరమీద 80 కిలోలు పెట్టాలనుకుంటే, 160 కిలోలకు ఓర్చేటట్టు కట్టండి. కట్టిన తరవాత అన్నిటికంటె క్రింది అరమీద పెద్దవాళ్ళిద్దరు కూర్చుని చూడవచ్చు.

మోటార్లు, దాగలి, వైసు వంటి బరువులన్నీ క్రింది అరలో పెట్టండి. తేలిక సామాను పైకి పోవాలి. గరిమనాభి ఎంత క్రిందికి ఉంటే స్టాండు అంత స్థిరంగా ఉంటుంది. అయినా సరే, స్టాండు పైభాగాన్ని గోడకు బిగించి తీరాలి. మీరు మాత్రం ఎప్పుడూ అరలను నిచ్చెనలాగా వాడి ఎక్కకండి. చివరి అరలో సామాను లేకపోయినా మీ బరువుకే స్టాండు ముందుకు తూలవచ్చు.

ఇక చిల్లర సామాను. ఖాళీ నూనె డబ్బాలను పక్కగా కోసి, అంచులు మడిచి సుత్తితో కొడితే చక్కని సొరుగులవుతాయి. పచ్చడి సీసాల మూతలను అర అడుగున మరమేకుతో బిగించి, సీసాను క్రింది నుంచి తిప్పి తగిలిస్తే, మేకులూ వాషర్లూ కంటికి కనపడుతూ ఉంటాయి. ప్రతి డబ్బా మీదా పేరు రాసే పని మీరు తీసుకోండి. కొయ్యకాళ్ళయితే వాటిక్రింద రాతి ముక్కలు పెట్టి, గోడకు రెండంగుళాలు ఎడంగా ఉంచండి. చెదలు ఎక్కితే వాటి మట్టిదారి వెంటనే కనిపిస్తుంది. కిరసనాయిలు, రంగులు కలిపే ద్రావకాలు మాత్రం నిప్పురవ్వలు లేచే చోటికి దూరంగా, తాళం వేసే పెట్టెలో ఉండాలి.

ఈ నెల మీ పని ఇది. ఇంట్లో ఉన్న ప్రతి పొడుగు అర క్రిందా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక దారం బిగువుగా పట్టండి. పలక మధ్యభాగం దారాన్ని క్రిందికి నెడుతున్నదా? ఎంత నెడుతున్నదో తెలుసుకోవటానికి దారాన్ని రెండు చివర్లా అంగుళం ఎత్తు బిళ్ళల మీదుగా పట్టి, మధ్యలో మిగిలిన ఎడం కొలవండి. అంగుళంలో ఎంత తగ్గిందో అదే వంపు. కాగితం మీద రాసి, నెల తరవాత మళ్ళీ కొలవండి. కొయ్య బరువు క్రింద ఉన్నకొద్దీ మెల్లిగా ఇంకా వంగుతూనే ఉంటుంది. వంపు పెరిగితే నాన్నగారికి చెప్పండి. రాతి అరలయితే దారం ఏమీ చెప్పదు. వాటిమీద బరువు మధ్యన ఉందో, చివరన ఉందో చూసి చెప్పండి.

వచ్చే నెలకు ఒక ప్రశ్న: నాలుగడుగుల అరమీద 20 కిలోల మోటారును మధ్యన పెట్టటం మంచిదా, చివర ఆధారానికి దగ్గరగా పెట్టటం మంచిదా? ఎందుకు? అడుగుబద్దతో చేసి చూసి జవాబు రాయండి.

మా బండ ఏమయిందని అడుగుతారేమో. ఆ రెండు ముక్కలనూ పెరట్లో నూతి దగ్గర పరిచాం. ఇప్పుడు దానిమీద బట్టలుతుకుతున్నారు, నిండు గంగాళాలు దించుతున్నారు, మా మనవడు ఎగిరి గంతులు వేస్తున్నాడు. దానికేమీ కాలేదు. క్రింద నేల అంతటా ఆనుకుని ఉన్నది మరి!