ఇల్లాలి ముచ్చటలు: నెమ్మదియైన తీరము



క్రిందటి నెల నాకు చేరిన జాబులలో నొకటి అమెరికాలోని డల్లాసు నగరమునుండి వచ్చినది. వ్రాసిన సోదరి యత్తమామలు స్వదేశమునుండి ఆమె యింటికి రానున్నారట. వారిని కరిబియను సముద్రమున విహారనౌకపై త్రిప్పవలెనని దంపతుల సంకల్పము. "ఓడ కొజుమెల్ ద్వీపమున నొక్క పగలు నిలుచును. మా యత్తగారు మోకాళ్ల నొప్పి మనిషి, సందడి సహింపరు. ఆ పగటి నెక్కడ గడపుట మేలో తెలుపుదురా?" అని యామె ప్రశ్న.

ఇది కలవారి ప్రశ్న యని కొందరు పెదవి విరువవచ్చును. బడిపంతులు భార్యకు విహారనౌకల సంగతి యేల యనియు ననవచ్చును. నేను నొకప్పు డట్లే తలచితిని. అయితే కిందటి వేసవి సెలవులలో మా చెల్లెలును మరిదియు, మా యమ్మతోపాటు మా యిరువురను గూడ ఫ్లోరిడాకు పిలిపించుకొని, తమ ఖర్చుతో నీ యాత్రకు గొనిపోయిరి. ఆ యొక్క పగటి నెంచుకొనుటలో మేము పడిన తర్జనభర్జనయు, దాని వలన కలిగిన ఫలమును చెప్పినచో, ఆ సోదరికే గాక, పెద్దలను వెంటబెట్టుకొని యే తీరమునకు బోవువారికైనను అక్కరకు వచ్చునని వ్రాయుచున్నాను.

ముందుగా మా యమ్మ సంగతి చెప్పవలెను. ఆమె పుట్టినిల్లు దివిసీమ. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ నాటి యుప్పెన పదివేలకు పైగా ప్రాణములను బలిగొన్న మాట పెద్దలెరుగుదురు. అప్పటికి మా యమ్మ పదునారేండ్ల పిల్ల. ఆమె పట్టుకొన్న తమ్ముని చేయి ఆ రాత్రి జారిపోయినది. అటుపిమ్మట నామె సముద్రమున కాలు పెట్టలేదు. కార్తికపున్నమికి ఇంటిల్లిపాదియు మంగినపూడికి స్నానమునకు బోయినను, ఆమె మాత్రము ఇసుకలో మా బట్టలకు కాపలా కూర్చుండెడిది. కూతుండ్రిద్దరు నొకచోట నుండు దినములు మరల దొరకవని మాత్రమే ఈ యోడ యెక్కుట కొప్పుకొన్నది. ఎక్కినను కిటికీ లేని గదియే కావలెనని యడిగి పుచ్చుకొన్నది.

ప్రయాణమునకు నెల దినములు ముందుగా చెల్లెలి యింట ఆలోచన సాగినది. దాని పిల్లలకు జారుడుబల్లలును, నీటి యాటలును, పాటల మ్రోతయు గల పెద్ద విహారస్థలమే కావలెను. "అక్కా! అమ్మ నొక్కతెను మూల నొడ్డున గూర్చుండబెట్టుట యేల? పదిమందితో నున్నచో భయము మరచును గదా!" అని చెల్లెలి వాదము. భయపడిన మనిషికి పదిమంది కేకలు ధైర్యము నీయవనియు, నెమ్మదియే ధైర్యము నిచ్చుననియు నా వాదము. ఇద్దరము కొంత కటువుగానే మాటాడుకొంటిమి. తుదకు మా వారు, "ఒక కుటుంబమైనంత మాత్రమున నొకే చాపపై గూర్చుండవలెనా? రెండు జట్లుగా విడిపోవుడు, సాయంకాల మోడ మెట్ల కడ కలసికొనుడు" అనిరి. పిల్లలతో చెల్లెలును మరిదియు, అమ్మతో నేనును మా వారును పోవుట నిశ్చయమైనది. సోదరీ, మీకు నా మొదటి సలహా యిదియే. అందరి కోరికలను ఒక్క చోట ఇమిడింపబోయినచో, నోరు లేని పెద్దల కోరికయే ముందుగా నలిగిపోవును.

ఇక ద్వీపము సంగతి. కొజుమెల్ మెక్సికో దేశమునకు జెందినది. ఇంచుమించు 48 కిలోమీటర్ల పొడవు, 16 కిలోమీటర్ల వెడల్పు గలది. అక్కడ గాలి సంవత్సరములో నెక్కువ దినములు తూర్పునుండి వీచును. అందుచే తూర్పు తీరమున కెరటములు మిక్కుటము, లోపలికి లాగు ప్రవాహములును కలవు. చూచుటకు రమ్యమే గాని స్నానమునకు తగదు. పడమటి తీరమునకు ద్వీపమే చాటు గనుక నీరు చెరువువలె నిలిచియుండును. ఓడరేవులును ఈ వైపుననే యున్నవి. 2011 మొదలుకొని సర్గాసము అను గోధుమరంగు నాచు వసంతమునను వేసవియందును కరిబియను తీరములకు రాసులుగా కొట్టుకొని వచ్చుచున్నది. అది కుళ్లినపుడు చెడిన గ్రుడ్ల కంపు కొట్టును. ఆ బెడదయు తూర్పుననే హెచ్చు, పడమట తక్కువ. పడమట గూడ పట్టణపు దాపున నొడ్డు చాలవరకు గరుకు సున్నపురాయి. మెత్తని యిసుక కావలెనన్నచో దక్షిణముగా కొన్ని కిలోమీటర్లు పోవలెను.

అట్టి యిసుక తీరమున విశ్రాంతిస్థలములు వరుసగా గలవు. అచట బస చేయకయే, తలకింత యని రుసుము చెల్లించి పగటివేళ కుర్చీలు, నీడ, స్నానపు గదులు, భోజనము పొందవచ్చును. దీనినే డే పాసు అందురు. కొన్నింట ప్రవేశము ఉచితము. తిన్నదానికి మాత్రమే వెల. చౌకగా నుండుట చేత అచటనే జనము క్రిక్కిరియుదురు. కొన్నింట దినమునకు ఇందరే యని పరిమితి పెట్టి, ముందుగా పేరు వ్రాయించుకొన్నవారినే రానిత్తురు. నెమ్మది కోరువా రిట్టి దానినే వెదకవలెను. నేను చెల్లెలి కంప్యూటరు ముందు రెండు సాయంకాలములు గూర్చుండి, నాలుగైదు స్థలములవారికి ఉత్తరములు వ్రాయించితిని. అడిగిన ప్రశ్న లివి.

మీరు దినమునకు ఎందరిని రానిత్తురు? పాటల యంత్రము లొడ్డున నున్నవా, కొలను కడ మాత్రమే యున్నవా? నీటిలోనికి ఇసుకమీద నడచి దిగవచ్చునా, లేక నిచ్చెన దిగవలెనా? తాటియాకుల గొడుగు నీడ ఇంతమందికి చాలునా? మరుగుదొడ్డికి మెట్లెన్ని? మాంసము ముట్టనివారి కేమి వండుదురు? ఈ చివరి ప్రశ్న మరువకుడు. ఆ దేశమున ఉడికించి మెదిపిన చిక్కుడుగింజలలో తరచు పందికొవ్వు కలుపుదురు; అన్నమును కోడి రసముతో వండుటయు కలదు. పేరు విని శాకాహార మనుకొన్నచో మోసపోదుము. మొక్కజొన్న రొట్టె, వెన్నపండు పచ్చడి, అనాస, మామిడి, కొబ్బరినీరు నిర్భయముగా తీసికొనవచ్చును.

ఈ ప్రశ్నలకు ఓపికతో, ఒక్కొక్కదానికి విడివిడిగా బదులు వ్రాసిన స్థలము నొకదానిని ఎంచితిమి. అది మిక్కిలి యందమైనది కాదు. మిక్కిలి చౌకయైనదియు కాదు. మరియొక సంగతి: ఏ దినమున రేవునకు ఎన్ని యోడలు వచ్చునో పట్టికలు ముందే ప్రకటింపబడును. ఒక్కొక్క పెద్ద యోడ వేలకొలది జనమును దింపును. అయిదారు వచ్చు దినమున ఏ తీరమును నెమ్మదిగా నుండదు. టికెట్లు కొనుటకు ముందే ఈ పట్టికను చూడుడు.

ఓడ ఉదయ మెనిమిది గంటలకు రేవు చేరినది. టాక్సీలకు అక్కడ మీటరు లేదు. దూరమును బట్టి వెల నిర్ణయమైయుండును. ఎక్కకముందే వెల యెంతో, అది డాలర్లలోనో పెసోలలోనో అడుగుట మంచిది. పది గంటలకు మేము ఒడ్డున గొడుగు క్రింద నుంటిమి. కొజుమెల్ భూమధ్యరేఖకు ఉత్తరముగా 20 డిగ్రీల 30 నిమిషముల దాపున, అనగా మన పూరీక్షేత్రమునకు ఒకింత పైన నున్నది. మే నెల చివరి దినములలో మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. కనుక నీడ యచట విలాసము కాదు, ఔషధము.

అమ్మ సముద్రమునకు వీపు పెట్టి కూర్చుండెను. బల్లలు తుడుచు నొక పెద్దావిడ ఇది చూచి, వచ్చీరాని యింగ్లీషులో కారణ మడిగినది. నేను చెప్పితిని. ఆమె చేతిగుడ్డ బల్లపై నుంచి, "విల్మా" అని యొక్క మాట యనినది. 2005వ సంవత్సరము అక్టోబరులో ఆ పేరుగల తుఫాను ఈ ద్వీపముపైనుండి పోయి, రేవు కట్టలను గూడ ధ్వంసము చేసినదట. తన యింటి కప్పు పోయిన దిక్కు చేతితో చూపినది. అమ్మకు మాట తెలియలేదు గాని చేయి తెలిసినది. తన పండ్ల పళ్లెమునుండి ఒక మామిడి ముక్క ఆమె చేతిలో పెట్టినది.

ఆవిడ వెళ్లిన పిదప నేను ఇక్స్‌చెల్ దేవి కథ చెప్పితిని. పూర్వము మాయా జాతి స్త్రీలు ఎదుటి నేలనుండి దోనెలలో సముద్రము దాటి, ప్రసవములను గాచు ఈ దేవిని గొలుచుట కీ ద్వీపమునకు వచ్చెడివారని చరిత్రకారులు చెప్పుదురు. సాన్ హెర్వాసియో అనుచోట శిథిలములు నేటికిని గలవు. "దోనెలలోనా? కడుపుతో నున్న పిల్లలా?" అని యమ్మ తొలిసారిగా సముద్రము వైపు తిరిగినది. చాల సేపు చూచి, "అమ్మాయీ! ఈ నీటికి చప్పుడు లేదేమి?" అని యడిగినది. గాలి సంగతియు, ద్వీపపు చాటు సంగతియు చెప్పితిని.

పాటలు లేవు, కేకలు లేవు, త్వరపెట్టువారును లేరు. పదునొకండు గంటల వేళ అమ్మ తానే లేచినది. నూలుచీర తడిసి బరువగునని నేను ముందే యామెకొక పాత పంజాబీ దుస్తు కుట్టియుంచితిని. దానిని కట్టుకొని, నా భుజము పట్టుకొని దిగినది. చీలమండల లోతు, తర్వాత మోకాళ్ల లోతు. కాళ్ల క్రింద నిసుక కానవచ్చుచునే యుండెను. అక్కడ మెల్లగా గూర్చుండి, రెండు చేతుల దోసిలితో నీరు తీసి, కన్నులు మూసికొని విడిచినది. ఎవరిని తలచినదో నేనడుగలేదు. అరగంట సేపు ఆ నీటిలోనే యుండెను. మోకాళ్ల నొప్పి తెలియలేదని తర్వాత చెప్పినది.

ఇక జాగ్రత్త చెప్పవలసిన ముఖ్యవిషయము కాలము. మా యోడ కాలము ప్రకారము నాలుగున్నరకు అందరు నెక్కవలెను. మా వారు చేతిగడియారమును ఓడ కాలమునకు పెట్టి మరల ముట్టుకొనలేదు. మేము మూడు ముప్పావుకే రేవు చేరితిమి. నాలుగైనను చెల్లెలు రాలేదు, నాలుగుంబావైనను రాలేదు. అమ్మ మెట్లెక్కనని, దారి వైపే చూచుచు నిలుచుండెను. రాని వారికొరకు నిలుచుట ఆమెకు క్రొత్త కాదు. ఆ పావుగంటలో నేనామె ముఖము చూడలేకపోయితిని. నాలుగు గంటల యిరువదియైదు నిమిషములకు పిల్లలు చెప్పులు చేతబట్టుకొని పరుగెత్తుచు వచ్చిరి. మరిది ఫోను ద్వీపపు కాలమును తనంత తానే చూపినదట. ఇంకను గంట వ్యవధి గలదని వారి ధైర్యము!

కారణ మిది. కొజుమెల్ చేరిన క్వింతానా రో రాష్ట్రము 2015వ సంవత్సరమునుండి ఏడాది పొడుగున ఒకే కాలమును పాటించుచున్నది. ఫ్లోరిడాలో మార్చి మొదలు నవంబరు వరకు గడియారములను గంట ముందునకు ద్రిప్పుదురు. కనుక వేసవిలో ఫ్లోరిడా కాలమున నడచు నోడలో నాలుగైనపుడు ద్వీపమున మూడే. డల్లాసు సోదరి టెక్సాసులోని గాల్వెస్టను రేవున నెక్కినచో, వేసవిలో రెండు కాలములును సరిపోవును. చలికాలమున ద్వీపపు గడియారమే గంట ముందుండును. ఏదియైనను ఓడ గడియారమునే నమ్ముడు. ఓడవారే నడపు విహారమునకు బోయినచో, ఆలస్యమైనను వారు వేచియుందురు. వెల మాత్రము హెచ్చు. స్వంతముగా బోయినవారి కొరకు ఓడ నిలువదు. పెద్దలకు మన దేశపు పాస్‌పోర్టే యున్నయెడల, అమెరికా వీసా పలుమారులు ప్రవేశింప వీలైనదో కాదో ముందే చూచుకొనుడు. ఓడ మెక్సికోకు పోయి వచ్చుట గూడ దేశము విడిచి వచ్చుటయే.

సోదరీ! మీ యత్తగారికి ఏ తీరము తగునో నేనిచటనుండి చెప్పజాలను. వారినే యడుగుడు. "మీ యిష్టమే" యని వారందురు. మరల నొకసారి యడుగుడు. అలసట యెరుగని పిల్లలకు సందడి యెక్కడనైనను దొరకును. నెమ్మది మాత్రము ముందుగా వెదకి, వ్రాసి, కొని తేవలసిన వస్తువు.

ఆ రాత్రి అమ్మ మా గదికి వచ్చి, "మీ గదికి కిటికీ యున్నదిగా, కొంచెము తెర తీయుము తల్లీ" అని యడిగినది. చీకటి తప్ప నేమియు కనబడలేదు. అయినను చాలసేపు అచటనే కూర్చుండెను.