తొక్కలోని రంగు ఎవరి సొమ్ము?

యూరప్, అమెరికా హోటళ్లలో ఈమధ్య ఆరెంజ్ వైన్ మంచి ధర పలుకుతోంది. పేరే గానీ అందులో నారింజ పండు లేదు. తెల్ల ద్రాక్షతో చేసేదే. మామూలుగా తెల్ల ద్రాక్షను పిండి రసం తీసుకుని, తొక్క పక్కన పడేస్తారు. ఆరెంజ్ వైన్ చేసేవాళ్లు తొక్కను రసంలోనే రోజులు, నెలల తరబడి ఉంచుతారు. దాని రంగు, వగరు రసంలోకి దిగుతాయి. ధర తెచ్చేది అదే.

హాలహర్వి రైతుకు ఈ గొడవెందుకని అడగవచ్చు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాపై చేసిన పోరాటాన్ని గౌరవించేవాళ్లం మనం. మందును పొగడడం మా పని కాదు. మనకు కావలసింది ఆ తొక్క సంగతి.

ఈ పద్ధతి జార్జియా దేశపు పల్లెలది. గుడ్డు ఆకారంలో పెద్ద మట్టి కుండలు చేసి, లోపల తేనెమైనం పూసి, మూతి దాకా నేలలో పాతుతారు. వాటి పేరు క్వెవ్రి. ఈ విద్యను యునెస్కో 2013లో గుర్తించింది. ఇటలీ రైతు యోష్కో గ్రావ్నర్ 2000లో అక్కడికి వెళ్లి చూసి, ఆ కుండలు తెప్పించి తన ఊళ్లో పాతుకున్నాడు. ఆరెంజ్ వైన్ అన్న పేరు 2004లో ఒక ఇంగ్లీషు వ్యాపారి పెట్టింది. పేరు ఎవరు పెట్టినా, కుండ రైతు ఇంట్లోనే ఉంది. అందుకే లాభంలో రైతుకూ వాటా ఉంది.

ఇప్పుడు మన కళ్లాల వైపు చూడండి. మన పొలాల్లో పండే బ్యాడగి రకం మిరపకు కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ రంగు కూడా తొక్కలోనే ఉంది. ఫ్యాక్టరీలు దాన్ని తీసి నూనెలాంటి చిక్కటి సరుకు చేసి, తినే వస్తువుల్లో రంగుకు అమ్ముతాయి. కొనేవాడు రంగును యంత్రంతో కొలుచుకుంటాడు. అమ్మే మనకు మాత్రం కంటిచూపే లెక్క. మన కాయలో ఎంత రంగుందో మనకు ఎవరూ చెప్పరు.

ఒకే మార్కెట్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో జార్జియావాళ్లకూ తెలుసు. 2006లో రష్యా వాళ్ల వైన్‌ను నిషేధించింది. అదే పెద్ద మార్కెట్ కావడంతో పల్లెలు విలవిలలాడాయి. కొత్త దేశాలు వెతుక్కున్నప్పుడు ఆ పాత కుండలే వాళ్లకు గుర్తింపు తెచ్చాయి. మనం మాత్రం ఇప్పటికీ లారీలకెత్తి బ్యాడగి యార్డుకే పోతున్నాం. 2024 మార్చిలో ధర పడిపోయినప్పుడు ఆ యార్డు తగలబడింది. తగలబెట్టడం తప్పే. ఏడాది కష్టం ఒక్క పూటలో సగమైతే కడుపు మండదా?

రంగు తీసే ఫ్యాక్టరీకి కోట్లు కావాలి, రైతు వల్ల కాదంటారు. నిజమే. ప్రతి రైతూ ఫ్యాక్టరీ పెట్టాలని మేమూ అనడం లేదు. మేమడిగేది మూడే.

ఒకటి: ఆదోని, ఎమ్మిగనూరు యార్డుల్లో రంగు కొలిచే యంత్రాలు పెట్టి, ఆ చీటీ రైతు చేతికివ్వాలి. ధర దాన్నిబట్టే రావాలి.

రెండు: ఎండకు, వేడికి రంగు వెలిసిపోతుంది. కాబట్టి మండలానికొక శీతల గిడ్డంగి, అందులో పెట్టిన సరుకుపై బ్యాంకు అప్పు ఇప్పించాలి. అప్పుల భయంతో తెగనమ్ముకునే గతి తప్పుతుంది.

మూడు: పశ్చిమ ప్రాంతంలో రంగు తీసే యూనిట్ పెడితే, అందులో రైతు సంఘాలకు వాటా ఉండాలి. మన పిల్లలు సుగ్గికి గుంటూరు పోవడం మాని, ఇక్కడే పని చేసుకోవాలి.

కాయను మనం పండిస్తున్నాం. దాని తొక్కలో ఏముందో ముందు మనం తెలుసుకుందాం. ఈసారి యార్డుకు పోయినప్పుడు కొనేవాణ్ణి ఒక్కమాట అడగండి: మా కాయ రంగెంత? పదిమంది కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.