నూజివీడు తోటలో రెండు గంటలు

వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

ఏప్రిల్ నెలాఖరుకు బడులకు సెలవులు. నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలు జోరుగా సాగేదీ అప్పుడే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లిని బెజవాడ పిల్లలు డజన్ల లెక్కన తింటారు. చెట్టున వేలాడుతుండగా చూసినవాళ్లు మాత్రం తక్కువే.

ఆరేళ్ల పిల్లకు పాఠం అక్కర్లేదు, చిక్కం కట్టిన గెడ చేతికిస్తే చాలు. తొడిమ తెగగానే సొన చిమ్ముతుంది, ఒంటి మీద పడితే మండుతుంది. అందుకే కోతగాళ్లు కాయను తొడిమతోనే దించి, తర్వాత తొడిమ విరిచి బోర్లిస్తారు. ఆ సొన చుక్కలు ఆగేదాకా పిల్లలు అక్కణ్నుంచి కదలరు. ఆపైన వరిగడ్డిలో మాగవేసి, ఏది పండిందో ముక్కుతో పట్టుకోవడం వాళ్ల పని.

దగ్గర్లో తాటిచెట్లుంటే మరీ మంచిది. ముంజెలు తినేశాక రెండు బుర్రలకు ఓ పుల్ల గుచ్చితే బండి తయారు. (దీనికి బ్యాటరీ అయిపోయే బాధ లేదు.)

విశ్వవిద్యాలయానికి నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది. మేలో శని, ఆదివారాలు పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, ఇరవై మంది చొప్పున పిల్లల్ని అక్కడికి రానివ్వాలన్నదే ఈ లేఖ కోరిక. ఎండ ముదరకముందే ఇళ్లకు చేరతారు. కాస్త నీడ, తాగడానికి నీళ్లు, చెయ్యి తిరిగిన కోతగాడు ఒకరు ఉంటే సరిపోతుంది. సొన అంటిన చేతులు కడుక్కోవడానికి ఓ బకెట్టు కూడా.